జనవరి ఏడున పుట్టిన పదకొండు మంది

ఆ రోజుల్లో నాకు కంప్యూటరు బాగా వచ్చునని నేను నమ్మడమే కాకుండా, చుట్టుపక్కలవాళ్ళని కూడా నమ్మించాను. డిగ్రీ పూర్తయిన కొత్త. నిడదవోలు పక్కన మా ఊరి చర్చి ఆఫీసులో మూడు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామని అయ్యగారు (పాస్టరు గారిని మేమంతా అలాగే అంటాం) నన్ను తీసుకున్నారు. మొదటి పని పుట్టినరోజుల జాబితా. ప్రతి ఆదివారం ఆ వారం పుట్టినవాళ్ళ పేర్లు చదువుతారు, వాళ్ళు లేచి నిలబడితే అందరూ ప్రార్థన చేస్తారు. ప్రసంగం చప్పగా ఉన్నా మావాళ్ళు ఊరుకుంటారు గాని, పేరు చదవకపోతే ఊరుకోరు.

చర్చి సంఘం రిజిస్టరునంతా ఎక్సెల్ షీటులోకి ఎక్కించిన ఘనత సంఘపెద్ద గారిది. రిటైరైన గుమాస్తా కావడంతో ఆయన తేదీని చుక్కలు పెట్టి తప్ప రాయరు. నెలలవారీగా సమ్మరీ టేబుల్ చేద్దామని కూర్చుంటే, కంప్యూటరు ఆ చుక్కల్ని తేదీలుగా ఒప్పుకోలేదు. ఒకటో తేదీ వెనకాలే పదో తేదీ నిలబడింది, రెండో తేదీ పంతొమ్మిది తర్వాత ఎక్కడో తేలింది. అప్పుడు నాకు తెలివి తన్నుకొచ్చింది. చుక్కలన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేసి గీతలు పెట్టాను. సగం తేదీలు బుద్ధిగా నెలల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. మొండికేసిన మిగతా సగాన్ని (అన్నీ పన్నెండో తేదీ దాటినవే, ఎందుకో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఈ కథ లేదు) చేత్తో దిద్ది, అయ్యగారికి ప్రింటు ఇచ్చి జబ్బలు చరుచుకున్నాను.

జనవరిలో ఆ ఆదివారం అయ్యగారు జాబితా అందుకుని చదువుతున్నారు, చదువుతూనే ఉన్నారు. ఏడో తేదీ ఒక్కరోజే పదకొండు మంది పెద్దవాళ్ళు పుట్టారు. కొందరు లేచారు, కొందరు మాది జూలై కదా అని పక్కవాళ్ళతో గొణిగారు. ముందు వరసలో సంఘపెద్ద గారు కొత్త చొక్కా మడత నలగకుండా, లేవడానికి సిద్ధంగా కూర్చున్నారు. ఆయన పుట్టింది జనవరి ఎనిమిదో తేదీన. ఆయన పేరు రాలేదు. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి, "నన్నెప్పుడు పుట్టించావు బాబూ?" అని అడిగారు. లోపలికెళ్ళి చూసొచ్చి, "ఆగస్టు ఒకటినండి" అని చెప్పక తప్పలేదు.

సంగతి అప్పుడు బోధపడింది. మా ఆఫీసు కంప్యూటరు ముందు నెల, తర్వాత రోజు చదివే రకం. ఒకటి, ఏడు అంటే మనకి జూలై ఒకటి, దానికి జనవరి ఏడు. పుట్టిన తేదీ తెలియని పిల్లలకి ఆ కాలం పంతుళ్ళు బడిలో జూలై ఒకటి అని రాసేసేవారు కాబట్టి, మా పెద్దవాళ్ళంతా గంపగుత్తగా చలికాలంలోకి వచ్చిపడ్డారు. అయ్యగారు కోప్పడలేదు. వచ్చే ఆదివారానికి రిజిస్టరుతో ఒక్క పేరు తేడా వచ్చినా ఇంక రావద్దని మాత్రం మెల్లగా చెప్పారు.

ఆ వారమంతా సంఘపెద్ద గారు పక్కన కుర్చీ వేసుకుని రిజిస్టరు చదవడం, నేను కొట్టడం. రోజు ముందు, నెల తర్వాత అని కంప్యూటరుకి చెప్పే దారి దొరికింది, చదవక్కర్లేదు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా వినలేదు. "ఒకటి, చుక్క" అనేవారు. చుక్క కొట్టక్కర్లేదండీ అంటే ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి అందుకునేవారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. శనివారం మధ్యాహ్నానికి ఆఖరి పేజీ అయింది.

అప్పుడే కుట్టుమిషను మామ్మగారు గుమ్మంలోకి వచ్చారు. ఊళ్ళో సగం మంది జాకెట్లు ఆవిడ కుట్టినవే. ఆ పదకొండు మందిలో ఆవిడ కూడా ఉన్నారు. తప్పు దిద్దించుకోవడానికి వచ్చారనుకుని, మీది జూలైకి మార్చేశానని సంబరంగా చెప్పాను. ఆవిడ ముఖం వాడిపోయింది.

"ఎందుకు మార్చావు నాయనా? క్రిస్మస్ వెళ్ళాక, మంచి చలిలో పుట్టావనేది మా అమ్మ. జూలై అన్నది పంతులుగారు రాసిందే. ఎవరికి చెప్పినా నవ్వేవారు. మొన్న చర్చిలో చదివేసరికి, మా అమ్మ మాట ఇన్నాళ్ళకి నిలబడిందనుకున్నాను."

రిజిస్టరులో ఉన్నదే తేదీ అన్నారు సంఘపెద్ద గారు. నా ఉద్యోగమూ ఆ రిజిస్టరు మీదే ఆధారపడి ఉంది. వారం రోజుల విసుగంతా ఒక్కసారి పైకొచ్చింది. ఇంత చాకిరీ చేసి ఒప్పు పెడితే, ఈవిడకి తప్పే కావాలట. కాని ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు, వాడిపోయిన ఆ ముఖం చూసి నాకు కాదనబుద్ధి కాలేదు. ఆవిడ వరస వెతికి జనవరి ఏడు అని కొట్టాను. సంఘపెద్ద గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయ్యగారికి నువ్వే చెప్పుకో" అన్నారు. చెప్పుకున్నాను. సోమవారం పొద్దున్న అయ్యగారు ఆఫీసు తాళం నా చేతికే ఇచ్చారు.

నాలుగేళ్ళకి మామ్మగారు పోయారు. సమాధి రాయి మీద చెక్కడానికి పుట్టిన తేదీ కావాలని ఆవిడ మనవరాలు ఆఫీసుకి వచ్చింది. సంఘపెద్ద గారు రిజిస్టరు తెరవబోయి, మళ్ళీ మూసేసి, నా వైపు తిరిగారు.

"నీ తేదీ చెప్పు బాబూ" అన్నారు.

చెప్పాను. ఇప్పుడు రాజమండ్రిలో రోజంతా ఇలాంటి షీట్లే దిద్దుతుంటాను. నా తప్పుల్ని మా మేనేజరు ఎప్పటికప్పుడు పట్టుకుని చెరిపించేస్తుంటారు. రాతి మీదికి ఎక్కింది అదొక్కటే. ఊరెళ్ళినప్పుడు ఆ రాయి ముందు కాసేపు నిలబడి, ఏమీ రాకపోయినా అన్నీ వచ్చనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.