మెడ ఎత్తిన బెండు బాతు

మొన్న కుళాయి సామాన్లు కొనడానికి కాశీబుగ్గ వెళ్తే, ఆ కొట్లో నీటితొట్టెల్లో అలంకారానికి వదిలే ప్లాస్టిక్ బాతులు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ మర్యాదలు తక్కువైన వియ్యపురాలిలా మెడ నిక్కించుకుని కూర్చుంది. నోరు ఊరుకోక, "ఇలా మెడ ఎత్తితే పక్కన ఏ బాతూ దిగదమ్మా" అని కొట్లో పిల్లతో అనేశాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి బిల్లు పుస్తకం తీసుకుంది. ఒక బాతు మెడ మీద ఒక మనిషి ప్రాణం వేలాడిన పూట నేను చూశానని ఆ పిల్లకేం తెలుసు?

తొంభైల చివరి మాట. నేను అప్పుడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుని. ఆదివారం వస్తే చాలు, నందిగాం దగ్గర మా అక్కగారి ఊరికి సైకిలు తొక్కేవాణ్ణి. అక్క మీద ప్రేమ లేదని కాదు గానీ నిజం చెప్పాలంటే మా బావ కోసమే వెళ్లేవాణ్ణి. ఆయన రైతు, వరి కోతలై చేతులు ఖాళీ అయితే మాత్రం నీళ్లను వదిలేవాడు కాదు. భావనపాడు వైపు ఉప్పుటేరులో గాలానికి తెల్లకోడి ఈక కట్టి లాగుతుంటే చేపలు ఎగబడి మింగేవి. చేపకి పారిపోయేది కావాలి, బాతుకి కుదురుగా ఉన్నది కావాలి అని ఆయన లెక్క. ఆ బాతుల వేట తప్పని ఇప్పుడు తెలుసు, అప్పుడు మాకు ఆ ఆలోచనే లేదు.

చలికాలం అడవి బాతులు మా అక్క ఊరి చెరువులో దిగేవి. బావ వారం ముందు నుంచే ఖాళీ కుండలు బోర్లించి నీటి మీద వదిలేవాడు. బాతులు వాటికి అలవాటు పడ్డాక, కళ్ల దగ్గర కన్నాలు పెట్టిన కుండ ఒకటి తలకు తగిలించుకుని, మెడ లోతు నీళ్లలో అడుగులో అడుగు వేస్తూ వెళ్లి, నీటి కిందనుంచి బాతుల కాళ్లు పట్టి లాగేవాడు. కుండల చుట్టూ జీలుగు బెండుతో చెక్కి, మసి పూసి, ఈకలు అంటించిన బొమ్మ బాతులు తేలుతుండేవి. మనిషి నీళ్లలో ఉన్నంతసేపూ గట్టు మీద కర్ర పాతి ఎర్ర తువ్వాలు కట్టడం ఆ ఊరి ఆనవాయితీ. అది కనిపిస్తే గేదెల్ని తోలేవాడు కూడా అటు వచ్చేవాడు కాదు.

నేనూ ఒక బాతును చెక్కాను. అందంగా ఉంటుందని మెడ బాగా పైకెత్తి పెట్టాను. దాన్ని నీళ్లలో వదిలిన రోజు గుంపు మూడు చుట్లు తిరిగి, దిగకుండానే వెళ్లిపోయింది.

"ఏటి బామ్మర్దీ ఇది?" అని బావ నెత్తి కొట్టుకున్నాడు. "మెడ ఎత్తిందంటే ఏదో సూసి బెదిరిందని గదా! దాన్ని సూసి మిగతాయి దిగుతాయేటి? పెళ్లిలో బావురుమన్నట్టుంది నీ బాతు."

ఆ తర్వాత దాన్ని గోనెసంచిలోనే ఉంచి, నన్ను ఏడిపించాలనిపించినప్పుడల్లా బయటికి తీసేవాడు.

ఆ ఆదివారం పొద్దున్న బావ కుండ కింద ఉన్నాడు. నేను పడమటి గట్టు కింద తుంగలో, సంచీ పక్కన నక్కి ఉన్నాను. బాతులు నిండుగా దిగి కుండల మధ్య మేస్తున్నాయి. అప్పుడు ఎదురు గట్టు మీద కామందుగారి కొత్త అల్లుడు కనిపించాడు, చేతిలో తుపాకీతో. మా ప్రాంతం మనిషి కాదు, తువ్వాలు సంగతి ఆయనకెవరు చెబుతారు? నేరుగా మేము తువ్వాలు కట్టిన కర్ర పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, కుండల వైపు గురిపెట్టాడు.

అరుద్దామని నోరు తెరిచి, మూసుకున్నాను. అరిస్తే బాతులు లేస్తాయి, లేచిన బాతుల మీద ఆయన కాలుస్తాడు, ఆ గుంపు మధ్యలోనే బావ తల ఉంది. ఏ కుండలో ఉందో నాకే తెలియడం లేదు. చెయ్యి ఊపుదామంటే ఆయన చూపంతా తుపాకీ మీదే. ఇంటి దగ్గర మా అక్క పొయ్యి మీద అన్నం పెట్టి, మా కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్లింది. నా మెడ ఎత్తిన బాతును పక్కనున్న వెదురుగెడ కొసకు తగిలించి, తుంగలోంచి మెల్లగా నీళ్ల మీదికి తోశాను. గెడ కుదిపేసరికి ఆ బాతు నిజంగానే బెదిరినట్టు కదిలింది. ముందు ఒక బాతు మేత ఆపి మెడ ఎత్తింది. తర్వాత రెండు, తర్వాత అన్నీ. ఎగరలేదు. చప్పుడు చేయకుండా, నా వైపు వీపు పెట్టి ఉత్తరపు మూలకు ఈదడం మొదలెట్టాయి. తుపాకీ గొట్టం కూడా వాటితోపాటు నెమ్మదిగా తిరిగింది. కుండలన్నీ వెనక మిగిలిపోయేదాకా ఊపిరి బిగపట్టి, అప్పుడు లేచి గొంతు చించుకున్నాను.

బాతులు లేచాయి. తుపాకీ పేలింది. ఉత్తరపు మూల ఖాళీ నీళ్ల మీద సీసపు రవ్వలు చినుకుల్లా పడ్డాయి.

ఒక కుండ పైకి లేచి, దాని కింద బావ కనిపించాడు. ఆయన మొదట చూసింది నా బాతునే.

"దాన్నెవుడు దింపమన్నాడ్రా! సేతికందినయ్యి ఎలిపోనాయి!" అని అరుస్తూ అటు తిరిగి, ఎదురు గట్టు మీద పొగ చూసి ఆగిపోయాడు. అక్కడ అల్లుడుగారు తుపాకీ పక్కన పడేసి, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. బావ ఒడ్డుకొచ్చి, కుండను రాయికేసి కొట్టాడు. ఇంటికెళ్లే దారిలో, "మీ అక్కకి సెప్పకు" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ నీళ్లలో దిగలేదు. నా బాతును ఇంటికి తీసుకెళ్లి దేవుడి గూటి పక్కన పెట్టుకున్నాడు. ఎందుకని అక్క అడిగితే "మీ తమ్ముడు సేసేడు గదా" అనేవాడు.

పోయిన చలికాలం బావ అడిగాడని ఇద్దరం ఆ చెరువుకు వెళ్లాం. సగం చెరువు పూడిపోయింది, మిగిలిన సగంలో గుర్రపుడెక్క. రంగు వెలిసిన ఆ బెండు బాతును ఆయన తువ్వాల్లోంచి తీసి, ఉన్న కాస్త నీళ్లలో వదిలాడు. అది మెడ ఎత్తి నిలబడింది. ఎండెక్కేదాకా గట్టు మీద కూర్చున్నాం. దాన్ని చూసి బెదరడానికైనా ఒక్క పిట్ట రాలేదు.