థోర్డిస్ వేసిన వల

థోర్డిస్ మొగుడు స్టెయిని పోయాక అతని తమ్ముడు ఏనార్ తేల్చి చెప్పేశాడు.

"వదినా, ఈ చలికాలం నీ చేత్తో వల వేసి చేపలు తీశావా, అన్నయ్య చేపల లైసెన్స్ నీదే. లేదంటే అమ్మేద్దాం. కొనేవాడు తయారుగా ఉన్నాడు."

"సరే," అంది థోర్డిస్.

కెనడాలో విన్నిపెగ్ సరస్సు ఒడ్డున వాళ్ల ఊరంతా చేపల మీదే బతుకుతుంది. థోర్డిస్ ఓణీ వయసులోనే చేపల షెడ్డులో కత్తి పట్టింది, తల నెరిసేదాకా వదల్లేదు. ఊళ్లో పెళ్లిళ్లు, చదువులు, చర్చి పైకప్పు అన్నీ ఆమెలాంటి ఆడవాళ్లు కోసిన చేపల్లోంచి వచ్చినవే. కానీ గడ్డకట్టిన సరస్సు మీద వల వెయ్యడం మాత్రం మగవాళ్ల పనట. ఎవరు పెట్టిన రూలో, అడిగిన నాథుడు లేడు.

కొట్లో పంచదార పలుకులు నోట్లో వేసుకుని కాఫీ చప్పరించే ముసలాళ్లకు మంచి కాలక్షేపం దొరికింది. "తోడుకి ఎవర్ని తీసుకెళ్తావమ్మా, పిల్లినా?"

తోడికోడలు రూనాని తీసుకెళ్లింది. సాక్షాత్తూ ఏనార్ పెళ్లాం.

"ఇంట్లో మీ మరిది సణుగుడు కన్నా ఈ చలే నయం అక్కా," అంది రూనా.

మంచుగడ్డ కింద వల పరవడానికి ఒక పొడుగాటి చెక్క ఉంటుంది. దానికి తాడు కట్టి, మంచులో తవ్విన కన్నంలోంచి కిందికి తోస్తారు. తాడు లాగినప్పుడల్లా దానికున్న మీట పైనున్న మంచుని తన్ని, అది టక్కుమంటూ ముందుకు పాకుతుంది. పైన ఒకరు ఆ చప్పుడు వెంట నడిచి, చెక్క ఆగినచోట రెండో కన్నం తవ్వాలి. అప్పుడే ఆ తాడుతో వలని ఇటునుంచి అటు లాగొచ్చు. చోటు తప్పితే చాకిరీ అంతా గంగపాలే.

మొదటిరోజే తప్పింది. రూనా నోరు ఊరుకోదు కదా, మాటల్లో పడి చప్పుడు వదిలేసింది. ఎన్ని కన్నాలు తవ్వినా చెక్క జాడ లేదు. థోర్డిస్‌కి ఏడుపొచ్చింది. లైసెన్స్ పోతే మళ్లీ ఆ షెడ్డు, ఆ కత్తే గతి.

పొద్దు వాలుతుండగా ఏనార్ వచ్చాడు. "ఇక చాల్లే వదినా. రేపు కొనేవాణ్ని రమ్మంటా."

"నువ్వు కాసేపు నోరు మూస్తావా, వినబడట్లేదు," అంది రూనా. టోపీ తీసేసి, మంచు మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. "లాగక్కా."

థోర్డిస్ తాడు లాగింది.

"మళ్లీ లాగు."

రూనా పాక్కుంటూ వెళ్లి ఒకచోట అరచేత్తో కొట్టింది. "ఇక్కడ."

తవ్వారు. నీళ్లలో చెక్క ముక్కు కనబడింది. చీకటి పడకముందే వల దిగిపోయింది.

వల ఎత్తేనాడు ఏనార్ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. మొదటి బారలో ఏమీ రాలేదు. రెండో బార బరువుగా కదిలింది. ఆపైన పికరెల్ చేపలు, ఒకదాని వెనక ఒకటి, బంగారు పొట్టలతో మంచు మీద ఎగిరెగిరి పడ్డాయి. ఆడవాళ్లిద్దరి వల్లా కానంత బరువు. థోర్డిస్ పగలబడి నవ్వింది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఏనార్ నెమ్మదిగా దగ్గరకొచ్చాడు.

"ఎక్కడ పట్టుకోమంటావు వదినా?"

"రూనా వెనకాల నిలబడు. నేను చెప్పినప్పుడే లాగు."

ఆమె చెప్పింది. అతను లాగాడు.