బొట్టు పెట్టిన ఎనిమిదో రాయి

మొన్న డిసెంబరులో ఖతర్‌లో, నేనుండే అల్ తుమామాలో వాన పడింది. ఇక్కడ వాన పడితే మన దగ్గరి మట్టి వాసన రాదు, రావడానికి అసలు మట్టి ఉండాలి కదా. తడిసిన సున్నపురాయి వాసన వస్తుంది, వెల్ల వేసిన గదిలో ఎవరో తడిగుడ్డతో నేల తుడిచినట్టు. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే తగిలే ఆ వాసన కోసం బాల్కనీ తలుపు తెరిచి నిలబడ్డాను, నిలబడగానే నాకు మళ్ళీ పన్నెండేళ్ళు వచ్చాయి.

అప్పుడు మేము ఇదే ఊళ్ళో ముఐథర్‌లో, ఒక పెద్ద విల్లాను ఐదు పోర్షన్లుగా విడగొట్టి అద్దెకిస్తే, అందులో వెనక పోర్షన్‌లో ఉండేవాళ్ళం. ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు ఇంకా చాలా ఏళ్ళున్నాయి, కానీ ఊరంతా దాని కోసమే తవ్వి పోసినట్టుండేది. స్కూలు బస్సు దారి వారానికోసారి మారేది, నిన్న ఉన్న రౌండబౌట్ ఇవాళ ఉండేది కాదు, మేడెక్కితే ఎటు చూసినా క్రేన్లే. వాటిని రోజూ లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. చలికాలం వస్తే సాయంత్రాలు విల్లాల మధ్య కంకర జాగాలో నూనె డబ్బా వికెట్లతో క్రికెట్, మూలనున్న సిదర్ చెట్టు కింద రాలిన, అచ్చం రేగుపండ్లలాంటి పండ్లు, పక్క పోర్షన్‌లోని నిజామాబాద్ వాళ్ళింటి నుంచి బగారన్నం వాసన, మా గదిలో అమ్మ తెల్లటి గుడ్డ పరిచి దాని మీద చుట్లు చుట్లుగా తిప్పే సకినాలు. ఏ సకినంలో ఎన్ని చుట్లున్నాయో కూడా నా నోటుబుక్కులో ఉండేది.

నాన్న సర్వేయర్. ఉమ్ సలాల్ అవతల ఎడారిలో పడబోయే రోడ్డుకు కొలతలు తీసేవాడు. నమ్మకపోవడం ఆయన ఉద్యోగంలో భాగం. ప్రతి దూరాన్నీ అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి కొలిచేవాడు. కూరగాయల దుకాణంలో తూకం ముల్లు నిలకడయ్యే దాకా అక్కడి నుంచి కదిలేవాడు కాదు, ఇంటికొచ్చి తాళం వేసిన తలుపును మళ్ళీ ఒకసారి లాగి చూసేవాడు. ఆ గుణం నాకూ వచ్చింది. రోజుకో పేజీ తెలుగు రాయాలన్నది ఇంట్లో నియమం. ఏం రాయాలో తోచనప్పుడు నేను అనుమానాలు రాసేవాణ్ణి.

నాన్న దగ్గర హెల్పర్‌గా చేసే గంగారాం మామ శుక్రవారం శుక్రవారం లేబర్ క్యాంప్ నుంచి మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. జగిత్యాల దిక్కు మనిషి. అమ్మ పుట్టింటి పక్క ఊరు, అంతే చుట్టరికం. అయినా అమ్మను అక్కా అనేవాడు, నాన్నను బావా అనేవాడు. గడప దగ్గర బూట్లు విప్పి, ప్యాంటు మడతల్లోని దుమ్మును బయటే దులిపి, చాప మీద గోడకానుకుని కూర్చుని, అమ్మ చేసిన మటన్‌లో జొన్నరొట్టె ముంచుకుని కళ్ళు మూసుకుని తినేవాడు. తిన్నాక ఊరికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టేవాడు. అటు నుంచి వాళ్ళవ్వ అరిచేది, "దుబాయ్‌ల వానలు వడ్తున్నయా బిడ్డా?" అని. "ఖతర్‌కు వచ్చి ఆరేండ్లాయె, మా అవ్వకు ఇంకా దుబాయే," అని మామ నవ్వేవాడు. వెళ్ళేటప్పుడు క్యాంప్‌లో వంటకని అమ్మ పసుపు, కారం పొట్లాలు కట్టిచ్చేది.

ఆ ఏడు మొదటి వాన పడ్డ వారంలో మామ ఒక సంగతి చెప్పాడు. సైట్ పక్కన రాళ్ళు గుండ్రంగా పాతి ఉన్నాయట. వాళ్ళ ఊరి గుట్ట మీద కూడా అచ్చం అట్లాంటివే ఉంటాయట, రాకాసి గుండ్లు అంటారట. "పెద్దపెద్దోళ్లను బొందవెట్టిన జాగలు బిడ్డా. అండ్ల కాలువెడ్తే మా తాత కట్టె తీస్తుండె." నేను నమ్మలేదు. నిజామాబాద్ వాళ్ళ పిల్లలూ నేనూ గంటలో అట్లాంటివి నాలుగు పేర్చగలం. అదే అన్నాను. "అయితే వచ్చి సూడు సారూ, టేపు తెచ్చుకో," అన్నాడు మామ.

మరుసటి శుక్రవారం నలుగురం నాన్న కారులో వెళ్ళాం. వానకు ఎడారి మీద పలచగా పచ్చదనం లేచింది. దూరంగా ఒక ఫారం గోడ, దాని వెనక రెండు ఒంటెలు. మా దిక్కు వంటలకు, అంటే వనభోజనాలకు, పోయినట్టు అమ్మ గిన్నెలు మూటగట్టుకొచ్చి, చలిగాలి తగలకుండా అన్నిటికంటే పెద్ద రాయి చాటున దుప్పటి పరిచింది. నేను టేపు తీశాను. రెండో కొస మామ పట్టుకున్నాడు. వలయం లోపల మాత్రం అడుగు పెట్టలేదు, చుట్టూ తిరిగి వచ్చాడు. మొత్తం పంతొమ్మిది రాళ్ళు. మోకాలి ఎత్తువి పద్నాలుగు, నడుము ఎత్తువి నాలుగు, ఎనిమిదోది నా ఛాతీ దాకా. వలయం గుండ్రంగా లేదు, ఒక దిక్కున జానెడు సాగింది. అంటే కొలిచి పెట్టిన వాళ్ళకు తాడు లేదు, లేదా సాగే తాడు ఉంది. రాళ్ళ మొదట్లో మట్టి గట్టిగా, రాయి రంగులోనే ఉంది. ఇవాళా నిన్నా పాతినవైతే కాదు. నా అనుమానం ఓడిపోవడం నాకు నచ్చలేదు. పులిహోర తినేటప్పుడు కూడా నోటుబుక్కులో కొలతలు మళ్ళీ సరిచూసుకుంటూ కూర్చున్నాను.

ఇంట్లో ఆఫీసు మాటలు మాట్లాడకపోవడం నాన్న అలవాటు. అమ్మ ఊరికే బెంగపడుతుందని ఆయన లెక్క. అవన్నీ స్కూలు నుంచి నన్ను తెచ్చేటప్పుడు కారులో చెప్పేవాడు. సోమవారం కారెక్కగానే ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఎనిమిదో రాయికి పసుపు పూసి ఉంది, దాని మీద ఎర్రటి కుంకుమ బొట్టు. పురాతన స్థలాలు చూసే ఆఫీసు మనిషి ఆదివారం పొద్దున తీసిన ఫొటో. ఆ రాళ్ళను ముట్టుకోకూడదని ముందే చెప్పారట. ఇక్కడ రాళ్ళను పూజించడం కూడా తప్పే. సర్వే గ్యాంగ్‌లో ఆరుగురూ మనవాళ్ళే. శనివారం లోపల చేసినవాడు ఒప్పుకోకపోతే ఆరుగురినీ ఉద్యోగం తీసి ఊరికి పంపిస్తానని కంపెనీ మేనేజర్ అన్నాడట. "ఎవడు చేసిండో తెలుస్తలేదు," అన్నాడు నాన్న.

ఆ రోజు పేజీ రాయడం నాకు క్షణంలో పని. ఒకటి, గంగారాం మామకు ఆ రాళ్ళంటే భక్తి. రెండు, పసుపు మా ఇంటి నుంచే తీసుకుపోతాడు. మూడు, ఫొటో తీసిన ముందురోజు, శనివారం, అక్కడ డ్యూటీ మామదే. నాలుగు, బొట్టు పెట్టింది అన్నిటికంటే పెద్ద రాయికి, అది ఏదో మామకు తెలుసు. ఐదు, నాన్న గ్యాంగ్‌ను అడిగినప్పుడు అందరూ మాట్లాడారు, మామ ఒక్కడే తలదించుకున్నాడు. ఆరు, ఫొటోలో వేళ్ళ గీతలు సన్నగా ఉన్నాయి, మామ వేళ్ళు లావు. ఈ ఆరోది సరిపోకపోతే దాని పక్కనే "తడి పసుపు ఎండితే గీత సన్నబడుతుంది" అని రాసి సరిపెట్టాను. కింద గీత గీసి, "కాబట్టి గంగారాం" అని రాశాను. ఆ చివరి పంక్తిలో "మామ" అనే పదం కూడా చేర్చలేదు, లెక్కలో చుట్టరికం ఉండకూడదని.

నాన్న ఆ పేజీని నిలబడి చదివాడు, కూర్చుని మళ్ళీ చదివాడు. ఏ కొలతనైనా రెండుసార్లు చూసే మనిషి నా కొలతను మాత్రం ఎదురు కొలవలేదు. "నాకూ అట్లనే అనిపిస్తున్నది," అన్నాడు. నేను గర్వంతో రెండు రోజులు నిద్రపోలేదు.

శుక్రవారం మామ వచ్చాడు. బూట్లు విప్పాడు, ప్యాంటు దులిపాడు, చాప మీద కూర్చున్నాడు. అమ్మ వంటింట్లో రొట్టెలు కొడుతోంది. ఆ చప్పుడులో నాన్న గొంతు తగ్గించి, "గంగారాం, రేపే శనివారం. నాకు నిజం చెప్పు," అన్నాడు. నాన్న నోటుబుక్కు తీసి ముందు పెట్టాడు. మామ ఏడో తరగతి దాకా చదువుకున్నాడు. వేలు పెట్టి ఒక్కో పంక్తీ కదుపుతూ, పెదాలతో పలుకుతూ చదివాడు. ఆరో పంక్తి దగ్గర ఆగి తన వేళ్ళు చూసుకున్నాడు, తర్వాత వంటింటి దిక్కు చూశాడు. నా వైపు చూడలేదు.

"అవు బావా. నేనే పెట్టిన. రేపు పొయ్యి చెప్త, మిగిలినోళ్లను ఏమనద్దను."

రొట్టెల చప్పుడు ఆగింది. అమ్మ పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది నువ్వు పెట్టింది?"

నాన్న ఫోన్ చాపాడు. ఆమె ఫొటో చూసింది.

"గిది నేను పెట్టిన బొట్టు గాదా? వంటలకు పోయినప్పుడు జాగకు బొట్టువెట్టి, ఒక ముద్ద పక్కకు పెట్టకుంట ఎవలన్న తింటరా? మీరు టేపు వట్టుకొని అవుతల తిరిగేటప్పుడు, రాయికి ఎనుక దిక్కు పెట్టిన. గా ముద్ద తీసి నీ కొడుకుకే తినిపిస్తి! వారం సంది ఇంత జరిగితే నాకు ఒక్క మాట చెప్పకపోతిరి!"

నాన్న మామ వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"ఆనాడు రాళ్ల కాడ అక్క సంచిల పసుపు డబ్బా సూసిన బావా. నేనైతే ఒక్కన్ని పోత. మీకు పిల్లగాని సదువు, వీసా, అన్నీ ఉన్నయి గద." తర్వాత నవ్వబోయాడు. "నాది ఏమున్నది, మా అవ్వకు ఎట్లయినా దుబాయ్ నుంచి వచ్చిన లెక్కనే."

మరునాడు నాన్న అమ్మను వెంటబెట్టుకుని సైట్ ఆఫీసుకు వెళ్ళాడు. రాళ్ళ ఆఫీసు నుంచి వచ్చిన ముసలాయన ఎందుకు పెట్టావని అడిగాడట, కింద ఎవరో పడుకుని ఉంటే పలకరించకుండా ఎట్లా తింటామని అమ్మ అన్నదట, నాన్న దాన్ని ముసలాయనకు వచ్చిన హిందీలోకి మార్చాడట. ఆయన చాలాసేపు అమ్మను చూసి, ఇంకెప్పుడూ ముట్టుకోబోమని నాన్నతో సంతకం చేయించుకుని వదిలేశాడు. కంపెనీ మాత్రం వదల్లేదు. నాన్నను ఆ రోడ్డు పని నుంచి తీసి స్టోరులో కూర్చోబెట్టింది. గ్యాంగ్‌లో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. పసుపు ఎండకు వారంలో వెలిసిపోయిందని విన్నాను.

గంగారాం మామ ఆ తర్వాత రెండు శుక్రవారాలు వచ్చాడు, గడప దగ్గరే కూర్చున్నాడు. మూడో వారం నుంచి డ్యూటీ ఉందన్నాడు. నేను నమ్మలేదు, కానీ రాయలేదు కూడా. వరల్డ్ కప్ మ్యాచ్‌లు మొదలయ్యే ముందు క్యాంప్ ఖాళీ చేయించినప్పుడు ఊరికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేనూ సర్వేయర్‌నే. మొన్న వాన వెలిశాక నాన్నను కారులో ఎక్కించుకుని అక్కడికి వెళ్ళాను. రాళ్ళ చుట్టూ ఇనుప కంచె, ఒక బోర్డు. పక్కనుంచి ఆరు వరసల రోడ్డు. ఫారం గోడ లేదు, ఒంటెలు లేవు. ముఐథర్‌లో మా విల్లాను పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు, సిదర్ చెట్టు ఉన్న మూలలో ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్ల జనరేటర్ ఉంది. మామ ఉన్న క్యాంప్ జాగాలో పార్కింగ్. కంచె బయట నుంచే లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. ఏళ్ళ తర్వాత మామకు ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి.

"ఏంది ఇంజినీరు సారూ, మల్ల ఎవలి మీదన్న రాస్తున్నవా?"

"మామా, ఆ రోజు నేను రాసింది..."

"అరె, నువ్వు పోరగానివి. నీదేమున్నది. బావ సదివి నమ్మిండు సూడు. గది గుర్తొస్తది అప్పుడప్పుడు."

స్పీకర్‌లో ఉన్నావని నేను చెప్పలేదు. నాన్న కంచె పట్టుకుని నిలబడ్డాడు. లారీలు పోతున్నాయి. అవి పోయేదాకా ఆగి, నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"గంగారాం," అన్నాడు. "తిన్నవా?"

ఫోన్ కట్ అయిందేమోనని నేను తెర వైపు చూశాను. కాలేదు, సెకన్లు కదులుతూనే ఉన్నాయి.

"ఇంకా లేదు బావా," అన్నాడు మామ. "మీరు?"