మిషన్ పక్కన పుస్తకం చూడమన్న తాత

మా కింది వాటాలో ఉండే తాత గత గురువారం కన్నుమూశారు. పొద్దున టిఫిన్ చేసి, పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. అమ్మ ఫోన్ చేసేసరికి నేను నాచారంలో, నేను పనిచేసే ల్యాబులో నూనె శాంపిళ్ల ముందు కూర్చుని ఉన్నాను. "తాత పోయిండే" అని ఒక్క మాట చెప్పి అమ్మ ఏడ్చింది. చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పద్మారావు నగర్ చేరేటప్పటికి ఇంటిముందు టెంటు వేస్తున్నారు.

ఆయన మాకు చుట్టం కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కింద వాళ్లు, పైన మేము. ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలినా ల్యాబు ఆయన్ని వదల్లేదు. ఇంట్లో స్టీలు గ్లాసు కూడా మూడుసార్లు కడిగి బోర్లించేవారు. పచ్చడి జాడీల మీద, మందు సీసాల మీద, చివరికి ఉప్పు డబ్బా మీద కూడా తెరిచిన తేదీ రాసి చీటీలు అంటించేవారు. "నా మీద సుత ఒక చీటీ అంటియ్యరాదు?" అనేది ఆయన భార్య, మా అవ్వ. "నిన్ను తెచ్చిన తారీఖు నాకు యాదికున్నదిలే" అనేవారు ఆయన, నవ్వకుండా.

నాకు తిండి పదార్థాల పరీక్షల పిచ్చి ఎక్కించింది తాతే. చిన్నప్పుడు ఒకసారి చల్లారిన పాలలో కొంచెం గంజి కలిపి, దెబ్బలకు రాసే అయోడిన్ ఒక చుక్క వేశారు. పాలు నీలంగా మారాయి. "కల్తీ చేసినోడు ఎంత తెలివిగల్లోడైన, చుక్కకు దొరుకుతడు బిడ్డా" అన్నారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే ఆశ. ప్యాకెట్ మీద రాసిందే లోపల ఉందో లేదో తేల్చి, ఆ రిపోర్టు కింద సంతకం పెట్టే ఉద్యోగం చేయాలని.

అందుకే ఫుడ్ టెక్నాలజీలో చేరాను. రెండేళ్లు బాగానే గడిచాయి. తర్వాత, చేరేవాళ్లు లేరని మా కాలేజీ ఆ కోర్సునే ఎత్తేసి, మమ్మల్ని వేరే చోటు చూసుకోమంది. నన్ను తీసుకుంటామన్నవి రెండే యూనివర్సిటీలు. ఊరి బయట కొత్తగా కట్టిన ప్రైవేటు యూనివర్సిటీ నేరుగా మూడో ఏడులో చేర్చుకుంటామంది, ఉద్యోగం కూడా చూపిస్తామంది. పాత యూనివర్సిటీ మాత్రం సబ్జెక్టులు కలవడం లేదు, మళ్లీ రెండో ఏడు నుంచి చదవాలంది. అంటే ఒక ఏడాది గంగలో కలిసినట్టే. ఇందులో ఆలోచించేదేముందని నాన్న. నిజానికి నేనూ అంతే అనుకున్నాను. కాగితాలు జిరాక్సు తీయించి వస్తూ, మాటవరసకు తాతకు చెప్పాను.

ఆయన ఏది మంచిదో చెప్పలేదు. "బిల్డింగులు చూడకు. మిషన్ పక్కన ఒక పుస్తకం ఉంటది, అది చూసి రా" అన్నారు.

ల్యాబుల్లో ప్రతి పెద్ద మిషన్ పక్కనా ఒక లాగ్‌బుక్ ఉంటుంది. మిషన్ వాడిన ప్రతిసారీ తేదీ, పేరు, ఏ శాంపిల్, ఎంతసేపు అన్నది రాసి సంతకం పెట్టాలి. నా క్లాసు స్నేహితురాలితో కలిసి కొత్త యూనివర్సిటీకి వెళ్లి అది చూపించమంటే, మమ్మల్ని తిప్పుతున్న ఆయన వింతగా చూసి, లోపలికి వెళ్లి కాసేపటికి తెచ్చాడు. నిండా రాసి ఉంది. గుట్టుగా నాలుగు పేజీలు ఫోన్లో ఫొటో తీసుకుని, గెలిచినట్టే ఇంటికి వచ్చాను.

తాత కళ్లజోడు పెట్టుకుని, నా ఫోన్ దగ్గరికీ దూరానికీ జరుపుతూ చాలాసేపు చూశారు. "ఇరవై పేర్లున్నయి. రాసిన చెయ్యి ఒక్కటే" అన్నారు. అప్పుడు కనిపించింది నాకు. అదే పెన్ను, అదే వంపు, సంతకాలకు కూడా ఒకే తోక. ఇంకో వరుస మీద వేలు పెట్టి, "ఇది దసరా. దసరా నాడు పాలపిట్టను చూడ పోతరు గని, ల్యాబుకు ఎవరు పోయిండ్రు బిడ్డా?" అన్నారు.

మర్నాడు పాత యూనివర్సిటీకి వెళ్లాను. గోడలకు పెచ్చులు ఊడుతున్నాయి. లాగ్‌బుక్ అట్ట చిరిగి, మరకలతో ఉంది. ఒక్కో వరుస ఒక్కో చేతిరాత. 'ఫ్యూజు పోయింది', 'తప్పు వచ్చింది, మళ్లీ చేయాలి', 'నా వంతు వాళ్లు వాడుకున్నారు' అని గొడవలు కూడా అందులోనే రాసుకున్నారు. ఉన్నది ఒకటే మిషన్, దాని కోసం వారాల తరబడి వంతులు. ఇక్కడ పని నేర్చుకుంటానని తెలుస్తూనే ఉంది. ఏడాది పోతుందనీ తెలుస్తూనే ఉంది.

తాత మాటా, నేను చూసిందీ ఇంట్లో చెప్పాక నాన్న ఆగలేదు. రెజిమెంటల్ బజార్‌లో రోజంతా నిలబడి దుకాణం నడిపి వచ్చిన మనిషి, చెప్పులు కూడా విప్పకుండా కిందికి దిగారు. "పిల్లకు ఏడాది పోతది. మీకేం పోతది? గ్లాసులు కడిగినోళ్లు చెప్తే వినాల్నా మేము?" అన్నారు. ఆయన వెనకే నేనూ మెట్లు దిగాను. తాతకు మాత్రం కోపం రాలేదు.

"నిజమే, కడిగిన. అందుకే ఏది వాడిండ్రో, ఏది వాడలేదో నాకు ఎరుకైతది" అన్నారు నెమ్మదిగా. "అయినా చదివేది నేను కాదు, నువ్వు కాదు. పిల్లనడుగు."

నాన్న నన్ను అడిగారు. నేను పాతదే అన్నాను.

ఆ స్నేహితురాలు కొత్తదాంట్లోనే చేరింది. దానికేం లోటు రాలేదు. చదువుతో సంబంధం లేకపోయినా, బేగంపేటలో మంచి ఆఫీసు ఉద్యోగమే దొరికింది. నేను దానికంటే ఏడాది వెనక మొదలుపెట్టి, ఇప్పుడు రిపోర్టుల కింద సంతకం పెడుతున్నాను. నాన్న కూడా ఎప్పుడో మెత్తబడ్డారు. పాడెకు ఒక భుజం ఆయనదే.

అందరూ వెళ్లిపోయాక, మూడో రోజు అవ్వ దగ్గర కూర్చున్నాను. తాత ఎంత ధైర్యంగా నాకు దారి చూపించారో చెప్పబోయాను. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"ధైర్యమా? ఆ ఏడంత ముసలాయన పానం పానంల లేదు బిడ్డా. నా మాట ఇని పిల్ల ఏడాది పోగొట్టుకునె, రేపు ఏమన్న అయితే ఎట్ల అని ఒకటే పరేషాన్. పొద్దుగాల నువ్వు బస్సుకు పోతుంటే కిటికీ తెర జెర జరిపి నీ మొకం చూసెటోడు. నవ్వుకుంట పోతే ఛాయ్ పెట్టుమనెటోడు. మొకం ముడుచుకొని పోతే ఛాయ్ సుత వద్దనెటోడు. తర్వాత గదే అలవాటైంది. మొన్నటిదాంక చూసిండు."

ఆ ఏడాది నేను చాలా రోజులు మొహం ముడుచుకునే వెళ్లాను. నాకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవడం నామోషీగా ఉండేది. కొన్ని నెలలకు అది పోయింది, చదువు నచ్చింది, మంచి చోటికే వచ్చానని తెలిసింది. ఆ ఒక్క మాట మెట్లు దిగి ఆయనతో చెప్పి ఉంటే సరిపోయేది. ఆయనకు అన్నీ తెలుసుననుకున్నాను. ఇది తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఇవాళ మళ్లీ పనికి బయల్దేరాను. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ కిటికీ వైపు చూశాను. తెర అంచు ఒకచోట, చెయ్యి పట్టినంత మేర మాసిపోయి ఉంది. దాని వెనక ఎవరూ లేరు. అయినా నవ్వు మొహం పెట్టుకునే గేటు దాటాను.