పటేలు బిడ్డకు నేను మాన్పించిన ఎక్కాలు

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చాను. క్వార్టర్ ఇంకా ఇవ్వలేదు. పక్క ఊళ్లో ఒక రైతు ఇంటి ముందుగది కిరాయికి తీసుకున్నాను. ఊరంతా ఆయన్ను పటేలా అని పిలిచేది, నేనూ అలాగే పిలిచాను. డ్యూటీ లేని సాయంత్రాలు గదిలో కూర్చోలేకపోయేవాణ్ని, బయటికి వెళ్తే పలకరించే మనిషి లేడు. ఆయన కూతురికి లెక్కలు చెబుతానని నేనే అన్నాను.

ఆ పిల్ల అయిదో తరగతి. వేసవికి ముందు పరీక్ష.

"పాసైతే పటాన్‌చెరు పెద్దబడికి పంపుత. లేకుంటే ఇగ నాట్లకే" అని పటేలు ముందే చెప్పాడు. పెద్దబడి మాటెత్తితే చాలు, ఆ పిల్ల నిటారుగా కూర్చునేది.

మొదటి రోజు ఏడు ఎనిమిదులు ఎంతని అడిగాను. పెదాలు కదిపి, "యాభై ఆరు" అంది.

"లోపల ఏంటి గొణుగుతున్నావు?"

"సాత్ అఠే ఛప్పన్, సార్. మా నాయిన నేర్పిండు."

పటేలు చదివింది నిజాం కాలపు ఉర్దూ బడి. ఆ ఊళ్లో ఆయన వయసువాళ్లు లెక్క ఉర్దూలో కట్టి, జవాబు తెలుగులో చెప్పేవాళ్లు. నాకది ఎబ్బెట్టుగా తోచింది.

"ఇదేమన్నా సాయిబుల బడా? ఎక్కం తెలుగులోనే చెప్పాలి. పెదాలు కదిపావో, ఊరుకోను."

అప్పటినుంచి ఆ పిల్లకు జవాబు చెప్పడం ఆలస్యమయ్యేది. భాగహారం మరీ కష్టమైంది. యాభై ఆరును ఏడుతో భాగించమంటే ఏడో ఎక్కం మొదటినుంచీ ఎక్కి రావాలి, సగంలో జారేది. నేను లేచి గదిలో అటూ ఇటూ తిరిగేవాణ్ని. పలక వదిలేసి నా కాళ్లకేసే చూస్తుండేది. మొద్దు అని చాలాసార్లు అన్నాను.

పరీక్షలో నోటిలెక్కలడిగితే అసలు నోరే తెరవలేదట, తప్పింది.

ఆ సాయంత్రం పటేలు నా గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంది సారూ, నా బిడ్డకు తెలివి లేదా?"

"లేదు పటేలా" అన్నాను.

అనేసి డ్యూటీకి పోయాను. మిషన్ దగ్గర ముక్కలు లెక్కపెడుతుంటే, మొదటి రోజు ఆ పిల్ల టక్కున చెప్పిన యాభై ఆరు గుర్తొచ్చింది. తెల్లారి వచ్చేసరికి ఆయన ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు.

"తప్పు నాదే. మీరు నేర్పినవి నేను మాన్పించాను" అన్నాను.

ఆయన బకెట్ దించి నవ్వాడు. "గా మాట నిన్ననే చెప్తే ఏం పోతుండె?"

హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడి, బడి తెరిచాక నోటిలెక్కలు మళ్లీ అడుగుతానని ఆయనతో అనిపించాను. సంగతి చెబితే ఆ పిల్ల, "మీ దగ్గర కూసోను సార్. మా నాయిన దగ్గర్నే నేర్చుకుంట" అంది.

ఆ వేసవంతా గోడ అవతల వాళ్లిద్దరి గొంతులు. "ఇగ సాలు బిడ్డా." "ఇంకొక్కటి నాయినా." ఎక్కాలు ఆయనకు నీళ్లలా వచ్చేవి, భాగహారంలో శేషం దగ్గర మాత్రం తడబడేవాడు. గోడ మీంచి అరిచి చెప్పాలని లేచేవాణ్ని, మళ్లీ కూర్చునేవాణ్ని. ఒకరోజు ఆ పిల్లే పలక తెచ్చి గడప బయటినుంచి చాపింది. "మిగిలింది యాడ రాయాలె?" చూపించాను. పలక లాక్కుని వెళ్లిపోయింది.

జూన్‌లో పాసైంది. ఆ సాయంత్రం అరుగు మీద నలుగురి ముందు పటేలు, "మా కిరాయి సారే నేర్పిండు. ఆంధ్రోళ్లకు లెక్కలు మస్తుగ వస్తయి" అన్నాడు. నా మర్యాద కాపాడటానికే అన్నాడేమో. అందరూ నావైపు తిరిగారు. గడపలోంచి ఆ పిల్ల కూడా చూస్తోంది, నేనేమంటానో అని.

కాదు అనడానికి ఒక్క క్షణం పట్టేది. అంతలో చాయ్ వచ్చింది. నవ్వి, కప్పు అందుకున్నాను.