రవి కళ్ళ కోసం చీకటి గదిలో అరగంట

మా తమ్ముడు రవికి మరుసటి వారం గ్లకోమా ఆపరేషన్. నాలుగేళ్ళుగా కంట్లో చుక్కల మందు వేసుకుంటున్నా పక్కచూపు తరిగిపోతూనే ఉంది. కోసే ముందు ఇంకొక డాక్టరును అడుగుదామని నేనే పట్టుబట్టాను. అలా మొదలైంది ఈ ప్రయాణం.

సిటీ శివారున క్లైడ్ నార్త్‌లోని ఇంటి నుంచి ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. కారు నేనే నడిపాను. క్రాన్‌బోర్న్ స్టేషనులో దాన్ని వదిలి రైలెక్కాం. సిటీకి గంటంబావు, రైలు, ట్రాము కలిపి మనిషికి రోజంతటికీ పదకొండు డాలర్ల పైచిలుకు. కిటికీ అవతల మంచు, అందులో తేలుతున్నట్టు కొత్త ఇళ్ళ కప్పులు. రవి నా భుజంమీద నిద్రపోయాడు. నా పెదవుల మీద స్తోత్రం దానంతటదే సాగింది.

సిటీ కంటాసుపత్రిలో డాక్టరు పెద్దావిడ. పాత రిపోర్టులన్నీ పరిచి చూసింది. "కంట్లో ఒత్తిడి ఏనాడూ ఎక్కువ లేదు. చూపేమో వలయంలా తరిగింది. గ్లకోమాలో సాధారణంగా ఇలా ఉండదు. మీ అమ్మానాన్నలు బంధువులా?"

"నో," అన్నాడు రవి. ఫారంలోనూ అదే రాశాడు.

"మేనరికం కాదట్రా?" అన్నాను తెలుగులో.

"ఊరుకో అక్కా! ఫస్ట్ కజిన్స్ అంటే వీళ్ళు వియర్డ్‌గా చూస్తారు. ఆఫీసులో ఒకసారి చెప్పి నవ్వులపాలయ్యాను."

"నిన్ను కోయబోయేది వాళ్ళ చూపులు కాదు, కత్తి."

డాక్టరుకు నేనే చెప్పాను. నాన్న అమ్మకు సొంత మేనత్త కొడుకు. చిన్నప్పుడు దీపాలవేళకే రవి తడుముకునేవాడు. రేచీకటి అని అవిసాకు కూర పెట్టేవాళ్ళం.

ఆవిడ కలం ఆగింది. "ఇదంతా ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు," రవి గొణిగాడు.

"ఫారంలో అడిగాంగా," అని నవ్విందావిడ.

కళ్ళలో మందు వేసి అరగంట చీకటి గదిలో కూర్చోబెట్టారు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక వెలుగు మెరిపించి, కంటి వెనక పొర, అదే రెటీనా, ఎంత స్పందిస్తుందో కొలుస్తారట. ఆ గదిలో కాలం లేదు. వాడి ఊపిరి, నా జపం, అంతే.

మూడింటికి ఫలితం చెప్పారు. రెటీనా స్పందన దాదాపు లేదు. గ్లకోమాలో దెబ్బతినేది కంటినరం. రవికి మాత్రం వెలుగును పట్టే రెటీనా కణాలే క్షీణిస్తున్నాయి. వంశంలోంచి వచ్చిన జబ్బు, మేనరికాల్లో ఎక్కువట. ఆపరేషన్ వద్దంది. జన్యు పరీక్షకు రక్తం తీసుకున్నారు.

"మందుందా?" అడిగాడు రవి.

"పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాని సంగతి ఏ జన్యువో తెలిశాక మాట్లాడదాం. కారు మాత్రం ఇక నడపొద్దు."

తిరుగు రైల్లో, కంట్లో వేసిన మందు ఇంకా దిగక, వాడికి దీపాలన్నీ పూలగుత్తుల్లా కనిపించాయట. "బాగుందక్కా," అన్నాడు.

కత్తి తప్పినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. పోయిన చూపు తిరిగి రాదని తెలిశాక ఏమని మొక్కాలో తోచలేదు. ఊరికే చేతులు జోడించాను.

కంటి పరీక్షకు వెళ్ళేవారు ముందుగా ఇంటి పెద్దలకు ఫోన్ చేయండి. మీ ఇంట ఎవరు ఎవరిని చేసుకున్నారో, చీకట్లో ఎవరెవరు తడుముకునేవారో కాగితం మీద రాసి, డాక్టరు చేతికివ్వండి.