రేషన్ పెట్టె మూత మీద మైదానం

నవంబరు మొదటి వారంలో సరిహద్దు పోస్టుకు చేరాను. ట్రక్కు దిగాక ఆరు గంటల నడక. వీపున ఇరవై కిలోల బరువు. పోస్టు ఎత్తు పదిహేను వేల అడుగులు. మాది అల్లూరు. అంతవరకు నేనెక్కిన ఎత్తల్లా ఊళ్లో నీళ్ల ట్యాంకే.

బంకరులో ఏడుగురం. కిటికీలోంచి కిందికి కొండవాలు, దాని కింద కనుచూపు మేర మట్టిరంగు మైదానం, నడుమ గడ్డకట్టిన వాగు. పొద్దున ఆరు నుంచి పది, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు. బైనాక్యులర్ పెట్టుకుని ఆ మైదానాన్ని చూడటమే నా డ్యూటీ.

నేను కాక తెలుగువాడు ఇంకొక్కడే, రేడియో ఆపరేటర్. సూళ్లూరుపేట మనిషి. సైన్యంలో చేరకముందు షాపులకు బోర్డులు రాసేవాడు. డబ్బాల మీద నంబర్లు వేసే రంగులతో, రేషన్ పెట్టె మూత మీద మా కిటికీ దృశ్యాన్ని వేయడం మొదలుపెట్టాడు. రంగు చలికి బిగుసుకుపోయేది. స్టవ్ పక్కన పెట్టి కరిగించుకునేవాడు.

"ఆ రాయి ఇంకొంచెం ఎడంపక్కకుండాల," అన్నానొకరోజు.

"నువ్వు చూసి చెప్పన్నా, నేను జరుపుతా."

నేను ఒక్కో రాయీ, నీళ్లు కోసిన ఒక్కో గాడీ చూసి చెప్పాను. నెలన్నర పట్టింది. మా పోస్టుకు పెద్ద సుబేదార్ సాబ్. ఆయన దాన్ని గోడకు తగిలించాడు.

జనవరిలో ఒకరోజు పొద్దున ఎనిమిదికి నలుగురు గస్తీకి దిగారు. సెట్ మోస్తూ రేడియో ఆపరేటర్ కూడా వెళ్లాడు. పదకొండుకు మంచు కమ్మింది. కిటికీ అవతల అంతా తెలుపు. పన్నెండున్నరకు సెట్‌లో అతని గొంతు.

"అన్నా, దోవ తప్పినాం. నా చెయ్యే నాకు కనపడటంలా."

సెట్‌లో సొంత భాష మాట్లాడకూడదు. సుబేదార్ సాబ్ వైపు చూశాను. మాట్లాడమని తలూపాడు.

"పక్కన ఏముంది?"

"రాయి. తడిమి చూస్తా ఉండా. నడిమికి చీలింది."

బొమ్మ దించి ముందు పెట్టుకున్నాను. చీలిన రాళ్లు రెండు. ఒకటి మా దారి పక్కన, రెండోది లోయ అంచున.

"దాని కింద గాడి ఉందా?"

కాసేపు గరగర. "ఉండాది."

లోయ అంచుదే.

"కిందికి ఒక్క అడుగు కూడా వద్దు. రాయికి పైపక్కన వీపు ఆనించి నిలబడు. అట్నే నేరుగా పైకి రండి. వరసగా మూడు రాళ్లు తగలతాయి. మూడోది దాటినాక కుడికి తిరగండి."

"నా బొమ్మ చూసేనా చెప్తుండేది?"

"అవును."

"మూడో రాయి లేదన్నా. అందం కోసరం నేనేసినా. రెండో రాయి కాడే తిరుగుతాం."

ఆ మూల నా బైనాక్యులర్‌కు అందదు. నేను సరిచూడలేదు. లేని రాయి కోసం ఇంకా పైకి నడిచి ఉంటే వాళ్లు మళ్లీ దొరికేవాళ్లు కాదు.

మూడూ నలభైకి నలుగురూ చేరారు. రాళ్లు గుర్తుపట్టడానికి అతను చేతి తొడుగు తీసేశాడు. కుడిచేతి రెండు వేళ్లు మంచు తినేసింది. మూడో రోజు హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్లింది.

నా వంతు ముగిసి, ఏప్రిల్లో నెల్లూరు స్టేషన్లో దిగాను. సైన్యం వదిలాక ఇప్పుడు కృష్ణపట్నం రేవులో గేటు కాపలా. అతను సూళ్లూరుపేటలో ఎడమచేత్తో బోర్డులు రాస్తున్నాడు. శత్రువును చూశావా అని ఊళ్లో అడుగుతారు. లేదంటాను.

నేను చూసింది ఒక్కటి మాత్రం కళ్లలోంచి పోదు. ఆ రోజు తెల్లటి మంచులోంచి ముందు తొడుగు లేని ఒక చెయ్యి వచ్చింది. మనిషి ఇంకా కనబడలేదు. ఆ చెయ్యి మా బంకరు ఇసుక బస్తాను తాకి, అది రాయి కాదని నమ్మలేక, మళ్లీ మళ్లీ తడుముతోంది.